రేకు లేచిన సాయంత్రం

2020 మే 4, సోమవారం. లాక్‌డౌన్ మొదలై ఆరు వారాలు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సిటీ బస్సు లేదు, పైన మెట్రో రైలు లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు తాళాలు పడ్డాయి. హాస్టళ్ల పిల్లలు ఎప్పుడో ఊళ్లకు వెళ్లిపోయారు. విజయవాడ హైవే మీద పోలీసు బండ్లు, అంబులెన్సులు, వాటి మధ్య మామిడికాయల డీసీఎంలు. పండ్లు నిత్యావసరం కాబట్టి వాటిని ఆపలేదు. ఆపినా బంగినపల్లి ఆగదు. ముదిరిన కాయను వేళకు కొయ్యకపోతే చెట్టు మీదే పండి రాలిపోతుంది.

మామూలు ఏడాదైతే ఆ బండ్లన్నీ కొత్తపేట పక్కన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు చేరేవి. 1986లో మొజంజాహీ మార్కెట్ నుంచి అక్కడికి మారిన ఆ 22 ఎకరాల యార్డులో, మామిడి సీజన్ వచ్చిందంటే భుజం భుజం తగలకుండా నడవడం కుదరదు. కరోనా కాలంలో భయమంతా దాని గురించే. అందుకని ఏప్రిల్ ఆఖర్లో మామిడి వ్యాపారాన్ని తాత్కాలికంగా కోహెడకు తరలించారు. రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లో ఆరుబయలు నేల. ఎప్పటికైనా పెద్ద మార్కెట్ కట్టాలని 178 ఎకరాలు అనుకున్న చోటు. సీజన్ మీద పడింది, గట్టిగా కట్టడానికి వ్యవధి లేదు. హడావిడిగా షెడ్లు నిలబెట్టి పైన రేకులు పరిచారు.

ఆ సాయంత్రం అక్కడ ఏం జరిగిందో మర్నాడు పత్రికల్లో వచ్చింది. గాలివాన, కూలిన షెడ్లు, గాయపడిన మనుషులు, తడిసిన కాయలు. ఇది జరిగిన సంగతి. ఇక్కడ కనిపించే రైతు, కమిషన్ ఏజెంట్, హమాలీ మాత్రం ఫలానా వ్యక్తులు కారు. అలాంటి యార్డులో అలాంటి రోజున ఉండే మనుషుల్ని తలుచుకుని నేను కూర్చుకున్నవాళ్లు. వాళ్ల మాటలూ నేను పలికించినవే.

రైతుది ఖమ్మం వైపు తోట. కాయ పిందె కట్టినప్పటి నుంచి ఆయనకు పట్టుకున్న భయం ఒక్కటే, రాళ్లవాన. గోలీ అంత రాయి తగిలినా చాలు. ఆ పూటకు కాయ మీద ఏమీ కనిపించదు. రెండు రోజులకు అక్కడ నల్లమచ్చ పడుతుంది, ఇంకో రెండు రోజులకు లోపల కుళ్లు మొదలవుతుంది. వేలంలో పాడేవాళ్లు పై కాయను చూసి మోసపోరు, ట్రేలో చెయ్యి పెట్టి అడుగు కాయను తీస్తారు. రెండు మచ్చలు కనిపిస్తే లాటు మొత్తానికి ధర పడిపోతుంది. అందుకే మే మొదట్లో మబ్బు తిరగడం చూసి ఆయన మనుషుల్ని పెట్టి కోయించాడు, గడ్డి పరిపించాడు, బండెక్కించాడు. రాళ్లు పడేలోపు కాయ తోట దాటాలి, అంతే ఆయన లెక్క.

మధ్యాహ్నానికి సరుకు కోహెడలో దిగింది. ఎండ మాడుస్తోంది. ముక్కుకు కట్టిన తువ్వాలు చెమటకు తడిసి ఊపిరాడనివ్వడం లేదు.

"అన్నా, పడమర దిక్కు నల్లగైతుంది. నాది ఇంకా సగం బయటనే ఉంది" అన్నాడు రైతు.

"తీపిస్తున్న పటేలా. రేకుల కిందికి వచ్చిందంటే ఇగ నీకు ఫికరు లేదు" అన్నాడు ఏజెంట్.

ఇద్దరి మాటల్లోనూ తప్పు లేదు. నెత్తిన ఏదో ఒకటి కప్పు ఉంటే వానకు జడవనక్కర్లేదని మనం చిన్నప్పటి నుంచి నమ్ముతాం. ఆ నమ్మకం గురించే ఈ కథ.

నాలుగు దాటాక అనుకుందాం, ఎండ చప్పున చల్లబడింది. ఎక్కడి నుంచో చల్లని గాలి తగిలింది. హమాలీ మూట దించి, తల మీది గుడ్డ విప్పి, మొహం గాలికి పెట్టి నిలబడ్డాడు. నలభై డిగ్రీల పగలంతా బరువులు మోసినవాడికి ఆ గాలి ఎంత హాయో వేరే చెప్పాలా.

అసలు ప్రమాదం ఆ చల్లగాలిలోనే ఉంది. ఈ కథలో మరేదీ గుర్తుండకపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు. వేసవిలో మన దగ్గర ఇలాంటి మబ్బు ఎలా పుడుతుందో చూడండి. విదర్భ నుంచి తెలంగాణ, కర్ణాటకల మీదుగా ద్రోణి ఏర్పడుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ వస్తుంది. కింద నేల కాలుతూ ఉంటుంది. వేడెక్కిన తేమగాలి నిలువునా లేచి పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున క్యుములోనింబస్ మేఘం కడుతుంది. అంత ఎత్తులో గడ్డకట్టే చలి. నీటి బిందువులు సున్నా డిగ్రీల కింద కూడా నీళ్లుగానే ఉండి, మంచు పలుకు తగలగానే దానికి అతుక్కుని గడ్డకడతాయి. పైకి లేచే గాలి ఎంత బలంగా ఉంటే ఆ పలుకు అంతసేపు మేఘంలోనే ఉండిపోయి, పొర మీద పొరగా రాయి అవుతుంది. గాలి మోయలేనంత బరువెక్కాక పడుతుంది.

రాయి ఒక్కటే కిందికి రాదు. వాన, వడగళ్లు కరుగుతూ ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి, మేఘం అడుగు నుంచి ఒక్కసారిగా నేలకు దిగుతుంది. నేలకు తగిలి నాలుగు దిక్కులా పరుగెత్తుతుంది. ఆ పరుగు అంచు మనల్ని తాకినప్పుడు "అబ్బ, చల్లగా ఉంది" అంటాం. వాన ఇంకా మొదలుకాదు, రాయి ఇంకా పడదు. కానీ మేఘం తన గాలిని అప్పటికే వదిలేసింది. చల్లగాలి తగిలాక చాలాసార్లు చేతిలో ఉండేది పది నిమిషాలు, కొన్నిసార్లు అదీ ఉండదు.

కోహెడలో ఆ వ్యవధి బయట ఉన్న సరుకు లోపలికి మోయడానికే సరిపోయింది. మనుషులందరూ షెడ్ల కిందికే పరుగెత్తారు. దుమ్ము లేచింది. తర్వాత రేకు లేచింది.

నాలుగు పక్కలా తెరిచి ఉన్న షెడ్డుకు గాలి రెండు విధాల శత్రువు. కింద దూరిన గాలి రేకును పైకి నెడుతుంది, మీది నుంచి పోయే గాలి దాన్ని పైకి లాగుతుంది. పైగా వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు నలభై కిలోమీటర్ల గాలికి చెక్కుచెదరని హుక్కు, ఎనభై కిలోమీటర్ల గాలికి నాలుగింతల లాగుడు తట్టుకోవాలి. ఒక్క అంచు ఊడిందంటే గాలి అక్కడి నుంచి లోపలికి దూరి మిగతా రేకుల్నీ వరసగా విప్పుకుంటూ పోతుంది. రేకుల బరువు పోయి, స్తంభాలకు అడ్డ కట్టు సరిగా లేకపోతే షెడ్డు షెడ్డే ఒరిగిపోతుంది.

"పటేలా, బయటికి ఉరుకు!"

ఎటు ఉరకాలి? బయట రేకులు ఎగురుతున్నాయి, లోపల షెడ్డు ఊగుతోంది. ఏ కప్పు కింద దాక్కున్నారో ఆ కప్పే మనుషుల మీదికి వచ్చింది. చాలామందికి దెబ్బలు తగిలాయి. రైతులు, కూలీలు, వ్యాపారులు, బండ్ల వాళ్లు, గాలివాన వాళ్లలో ఎవరినీ ఎంచి వదల్లేదు. గాయపడినవాళ్లను దొరికిన బండ్లలో ఎక్కించి ఆసుపత్రులకు తీసుకెళ్లారు. ఊరంతా ఒకరినొకరు ముట్టుకోవడానికి భయపడుతున్న రోజుల్లో, కింద పడ్డవాణ్ని చేతుల మీద ఎత్తుకున్నవాళ్లకు ఆ భయం గుర్తుకు వచ్చి ఉండదు. కాయలు నీళ్లలో తేలాయి. తోటలో రాళ్లవాన నుంచి కాపాడుకొచ్చిన పంట కప్పు కిందికి చేరాక పోయింది.

ఆ తర్వాత మామిడి అమ్మకాలు మళ్లీ గడ్డిఅన్నారానికే వచ్చాయి.

కోహెడను నేను ఎల్‌బీ నగర్ కథగానే చూస్తాను. తూర్పు హైదరాబాద్‌లో డాబాల మీదికి చూడండి. చైతన్యపురి, కొత్తపేట, నాగోల్, మన్సూరాబాద్, వనస్థలిపురం, హయత్‌నగర్, కర్మన్‌ఘాట్, బీఎన్ రెడ్డి నగర్. మూడో అంతస్తో నాలుగో అంతస్తో అయ్యాక పైన రేకుల షెడ్డు. ఎండకు ఇల్లు కాలకుండా ఒకరు వేసుకుంటారు, బట్టలు ఆరేసుకోవడానికి ఒకరు, అద్దెకిచ్చి నాలుగు రూపాయలు కళ్లజూడటానికి ఇంకొకరు. హాస్టళ్లలో పిల్లలు చదువుకునే గదులూ, వంటశాలలూ రేకుల కిందే. ఇవన్నీ అవసరం పుట్టించిన కప్పులు, వేసుకున్నవాళ్లను తప్పుపట్టను. కానీ అందులో ఎన్నింటికి గాలి లెక్క వేశారు? వెల్డింగ్ మనిషి వచ్చి కొలత తీసుకుని, రేటు చెప్పి, రెండు రోజుల్లో బిగించి పోతాడు. రేకు ఎంత మందమని అడుగుతాం, రంగు ఏదని అడుగుతాం. లేచిపోకుండా దేనికి కట్టావని అడగం.

దేశంలో భవనాలు తట్టుకోవాల్సిన గాలికి ఐఎస్ 875 అనే ప్రమాణం ఉంది. అందులో హైదరాబాద్‌కు రాసిన మూల వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. తాత్కాలిక షెడ్లకు సడలింపు ఉన్నా, లెక్క వేస్తే గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. సముద్రానికి ఇంత దూరాన అంత గాలి ఎందుకు వస్తుందని అనిపిస్తుంది. 2016 మే నెలలో ఈ నగరం మీద విరుచుకుపడ్డ గాలులను గుర్తు చేసుకోండి. చెట్లు వేళ్లతో లేచాయి, హోర్డింగులు కూలాయి. 2020 ఏప్రిల్‌లో, కోహెడకు కొద్ది రోజుల ముందే, నేల నుంచి పదిహేను అడుగులు దాటిన ప్రకటన బోర్డులను కట్టడి చేస్తూ ప్రభుత్వం జీవో 68 తెచ్చింది. మంచి పని. అదే గాలికి ఎదురుగా, అంతకన్నా ఎత్తున, ఇళ్ల మీద ఉన్న రేకుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

2024 మే 7 సాయంత్రం బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ గోడ కూలి, పక్కన రేకుల గదుల్లో ఉన్న వలస కూలీల మీద పడింది. ఏడుగురు చనిపోయారు, వారిలో నాలుగేళ్ల పిల్లవాడు ఉన్నాడు. అదే నెల 26న వచ్చిన గాలివానకు నాగర్‌కర్నూల్ జిల్లాలో కడుతున్న షెడ్డు కూలి నలుగురు పోయారు. వాన నీళ్లు తమంత తాము వీళ్లను చంపలేదు. మనం కట్టినవి కూలి చంపాయి.

రాళ్లే మనిషిని చంపిన సందర్భాలూ చరిత్రలో ఉన్నాయి. 1888 ఏప్రిల్ 30న ఉత్తరాదిన మొరాదాబాద్ దగ్గర 246 మంది వడగళ్లకు బలయ్యారు. 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్ గోపాల్‌గంజ్‌లో కిలో పైచిలుకు రాళ్లు పడి 92 మంది చనిపోయారు. మన హైదరాబాద్ పేరూ వడగళ్ల రికార్డుల్లో ఉంది. 1939లో ఇక్కడ 3.4 కిలోల మంచురాయి పడిందని రాశారు. అది ఒక్క రాయి కాదని, కొన్ని రాళ్లు కొంత కరిగి ఒకదానికొకటి అతుక్కున్న ముద్ద అయి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. నాకూ అదే సబబుగా తోస్తుంది. కానీ 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేల కనిపించకుండా తెల్లగా పరుచుకున్న వడగళ్లను ఫోన్లలో రాష్ట్రమంతా చూసింది. అక్కడ పడినవి ఇక్కడ పడకూడదన్న నియమమేదీ మేఘానికి లేదు.

పడితే శివారు కాలనీకి ఏమవుతుందో సిడ్నీ చూసింది. 1999 ఏప్రిల్ 14 సాయంత్రం, ఆ నగరపు తూర్పు శివార్ల మీదే. మేఘం సముద్రం వైపు పోతుందనుకున్నారు, అది తిరిగి ఇళ్ల మీదికొచ్చింది. వేల ఇళ్ల పెంకులు పగిలాయి. బీమా కంపెనీలు కట్టిన సొమ్మే 170 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. పగిలిన కప్పుల మీద టార్పాలిన్లు కప్పుకుని జనం వారాల తరబడి గడిపారు, తర్వాత వచ్చిన గాలులకు ఆ టార్పాలిన్లూ లేచిపోయాయి. టెక్సాస్‌లో డల్లాస్ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లకు ఇదంతా కొత్త కాదు. అక్కడ వసంతం వచ్చిందంటే ఇంటి కప్పు, కారు అద్దం, బీమా కాగితం మూడూ చూసుకుంటారు.

మన దగ్గర వేసవిలో మేఘం లేచే వేళకు డాబా మీద ఎవరుంటారు? వడియాలు ఎత్తే అమ్మ, మిరపకాయలు పోగుచేసే నాయనమ్మ, గాలికి తిరుగుదామని పైకెక్కిన పిల్లలు. చల్లగాలి రాగానే కింద ఉన్నవాళ్లు కూడా పైకి వస్తారు. అది తిరగబడాలి. చల్లగాలి తగిలిందంటే పైనున్నవాళ్లు దిగాలి. "వడియాలు పోతే పోనీ, నువ్వు దిగమ్మా" అని ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా అనాలి. బేగంపేట వాతావరణ కేంద్రానికి డాప్లర్ రాడార్ ఉంది. రాబోయే మూడు గంటల్లో ఎక్కడ ఉరుములు, ఈదురుగాలులు, వడగళ్లు ఉండొచ్చో జిల్లాలవారీగా చెబుతారు. ఆ సందేశం ఫోన్‌కు వచ్చినప్పుడు చెయ్యాల్సిన పని పెద్దదేమీ కాదు. పైన వదులుగా ఉన్న రేకు ముక్కలు, ప్లాస్టిక్ కుర్చీలు, పూలకుండీలు, ట్యాంకు మూత కట్టెయ్యాలి లేదా కిందికి తేవాలి. రేకుల గదిలో ఉన్నవాళ్లు ఆ గంటసేపు కింది స్లాబు ఇంట్లోకి రావాలి. ఇంటి ఓనరు ఆ మాట అద్దెకున్నవాళ్లకు తానుగా చెప్పాలి. "పిల్లల్ని తీసుకుని మా ఇంట్లోకి రా చెల్లె" అంటే ఎవరి గౌరవమూ తగ్గదు.

రాళ్లు మొదలయ్యాక కారు కాపాడుకుందామని బయటికి పరుగెత్తేవాళ్లున్నారు. నిమ్మకాయంత రాయి గంటకు యాభై, అరవై కిలోమీటర్ల వేగంతో దిగుతుంది. నెత్తి పగలడానికి అది చాలు. కారుకు సమగ్ర బీమా ఉంటే వడగళ్ల నష్టం అందులోకి వస్తుంది. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే రాదు. ఈ సంగతి మార్చికి ముందే చూసుకోవాలి. రోడ్డు మీద చిక్కుకున్న బైకువాళ్లు మెట్రో స్తంభాల కింద, ఫ్లైఓవర్ కింద గుంపుగా ఆగడం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మామూలు. పైన కాంక్రీటు ఉంది కాబట్టి చెట్టు కిందో హోర్డింగు కిందో ఆగడం కన్నా నయమే. అయితే బండ్లు పూర్తిగా పక్కకు తియ్యాలి, ఎదురేమీ కనిపించని వానలో వెనక నుంచి బస్సు వస్తుంది. వాన వెలిశాక డాబా నీళ్లు పోయే గొట్టం చూడాలి. వడగళ్లు, ఆకులు కలిసి దాని మూతి మూసేస్తాయి, నీళ్లు మెట్ల మీదుగా ఇంట్లోకి దిగుతాయి. సిమెంటు రేకు పగిలిందేమో చూడ్డానికి దాని మీదికెక్కకూడదు. నెర్రె విచ్చిన రేకు మనిషి బరువు ఆపదు.

రైతు దగ్గరికి మళ్లీ వస్తాను, ఆయన సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. వడగళ్లవాన ప్రభుత్వాలు గుర్తించిన ప్రకృతి విపత్తుల్లో ఉంది. 33 శాతం, ఆపైన పంట పోతే సాయానికి అర్హత. 2023 మార్చి వడగళ్లకు తెలంగాణలో రెండు లక్షలకు పైగా ఎకరాలు దెబ్బతింటే, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎకరానికి పదివేలు ప్రకటించారు. అదంతా పొలంలో నిలబడి ఉన్న పంట లెక్క. కోసి, బండెక్కించి, యార్డులో దించిన కాయ ఆ లెక్కలోకి రాదు. వేలం కాలేదు కాబట్టి కొన్నవాడిదీ కాదు. తోటకూ తూకానికీ మధ్య ఉన్న ఆ కొద్ది గంటలు సరుకు పూర్తిగా రైతు నెత్తినే ఉంటుంది. మార్కెట్ ఫీజు, కమిషన్ తీసుకునే వ్యవస్థ ఆ కొద్ది గంటలకు బీమా చేయించడం అసాధ్యమేమీ కాదు.

గడ్డిఅన్నారం మార్కెట్‌ను 2021లో మూసి బాటసింగారానికి తరలించారు. ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. కోహెడలో శాశ్వత పండ్ల మార్కెట్ మాట మాత్రం ప్రతిపాదనగా నడుస్తూ వచ్చింది. అది కట్టే రోజున ప్రతి షెడ్డు స్తంభం మీదా ఒక పలక బిగించాలి. ఈ కప్పు గంటకు ఎన్ని కిలోమీటర్ల గాలికి కట్టారు, ఎవరు లెక్క వేశారు, బోల్టులు చివరిసారి ఎప్పుడు బిగించారు, అంతా తెలుగులో, హమాలీ చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో. ప్రతి ఏటా ఫిబ్రవరిలో, మొదటి మామిడి బండి రాకముందే, ఆ పలక మీద బోల్టుల గడిలో కొత్త తేదీ పడాలి.